గంటలు లెక్కపెట్టే కల్లు

మద్యాలలో వయసు పెరిగినకొద్దీ వన్నెకెక్కేవి కొన్ని, పుట్టిన పూటకే ముసలివైపోయేవి కొన్ని. మొదటి జాతికి కరీబియను ప్రాంతపు రమ్ము, రెండవ జాతికి మన పాలమూరు ఈతకల్లు మంచి ఉదాహరణలు. ఈ రెండింటినీ ఒకే నెలలో రుచి చూచే అవకాశం నాకు కలిగింది.

రమ్ము గయానా దేశానిది. బెల్లపు మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి, ఓకు కర్ర పీపాలలో పదిహేనేండ్లు మాగబెట్టినది. నూటికి అరవై పాళ్లు మద్యసారం. రెండు చెంచాల నీరు కలిపితేగాని నాలుక ఓర్చుకోలేదు. ఆ తరువాత మాత్రం బెల్లపు పాకం, పాత చింతపండు, కాలిన కర్ర ఒకదాని వెంట ఒకటి పలకరించాయి. ఆ వేడి దేశాలలో ఏటేటా పీపాలోనుంచి కొంత ఆవిరైపోతుంది. దానిని దేవదూతల వాటా అంటారు. గయానా చెరకు తోటలకు 1838 మొదలు మన దేశపు కూలీలు ఓడలెక్కి పోయారు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తెలుగువారూ ఉన్నారు. మనుస్మృతి పేర్కొన్న మూడు సురలలో బెల్లంతో చేసే గౌడి ఒకటి గదా! రమ్ము దానికి దూరపు చుట్టమే ననిపించింది.

ఇక కల్లు సంగతి. మాఘమాసపు చలిలో గద్వాల కోట చూచుకొని బయలుదేరాను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ నేలను నడిగడ్డ అంటారు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరి, అక్కడినుండి నాగర్‌కర్నూలు దారి పట్టాను. 2016లో మహబూబ్‌నగర్ జిల్లానుండి విడివడి ఈ మూడూ వేరు జిల్లాలకు ముఖ్య పట్టణాలైనాయి. కాని చేలగట్ల మీది తాళ్లకూ ఈతలకూ సరిహద్దులు తెలియవు.

వనపర్తి దాటాక ఒక గౌడన్న మోకు సడలించి చెట్టు దిగుతున్నాడు. తాటికైతే గెల కోసి లొట్టి కట్టుతారు. ఈతకు మొవ్వు దగ్గర చెక్కు తీసి కట్టుతారు. తాటాకు దొప్పలో పోశాడు. తియ్యదనం ముందు, సన్నని పులుపు వెనుక, నాలుక చివర చిటపట. సారం నూటికి నాలుగైదు పాళ్లకు మించదు. లొట్టి చుట్టూ తేనెటీగలు మూగాయి. ఇక్కడి దేవదూతలు అవే కాబోలు!

“సాయంత్రానికి ఎట్లుంటది గౌడన్నా?” అన్నాను.

“పొద్దెక్కినకొద్దీ పులుస్తది సారూ. రేపటికి ఇది కల్లు గాదు, పులుసు” అన్నాడు నవ్వుతూ.

గాలిలోని సూక్ష్మజీవులు చెట్టుమీదనే తీపిని సారంగానూ, సారాన్ని పులుపుగానూ మార్చటం మొదలుపెడతాయి. అందుచేత దీనిని దాచలేము, దూరం పంపలేము.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. చెట్టు ఇచ్చేది కొద్ది, పట్నం అడిగేది కొండంత. ఆ తేడాను పూడ్చటానికి కొందరు నీళ్లలో శాకరిను, క్లోరల్ హైడ్రేటు, డైజిపాము వంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్మారు. 2015లో తెలంగాణలో దీనిపై దాడులు ముమ్మరమైనప్పుడు, ఆ మందుకు అలవాటుపడిన కూలీలు వణుకుతో, మతిచలించి ఆసుపత్రుల పాలైనారు. వారికి కావలసింది కల్లు కాదు, కల్లు పేరుతో అలవాటైన మందు.

“చెట్టుకింద తాగినోనికి మోసం లేదు సారూ. కాని చెట్టెక్కేటోడు యేడి? నా కొడుకు పట్నంల ఆటో నడుపుతుండు” అన్నాడు గౌడన్న. తప్పు పట్టలేకపోయాను. కాలు జారితే నడుము విరిగే వృత్తి అది.

రమ్ము సీసామీద దాని వయసు అచ్చువేసి ఉంటుంది. కొనేవాడు చదువుకొంటే చాలు. కల్లుకు అచ్చుకాగితం లేదు. చెట్టును ఎరిగినవాడు, చెట్టెక్కినవాడు, ఇద్దరి మాటే దానికి పూచీ. ఆ పూచీ పడేవారు తగ్గినకొద్దీ, పొడి కలిపేవారికి దారి సుగమమవుతుంది. అందుకే పాలమూరులో చెట్టు నాటినంత మాత్రాన చాలదు. ఎక్కేవాని నడుముకు భద్రమైన మోకు, వాని కష్టానికి తగిన వెల కూడ కావాలి.