అడగని ప్రశ్న

వైద్య విద్యార్థులను వెంటబెట్టుకుని వార్డులోకి అడుగుపెట్టే ప్రతి ఉదయం నాకు ఒక కుర్చీ జ్ఞాపకం వస్తుంది. ఒక పాత ఇంట్లో, గోడ పక్కన వేసుకుని, ముప్పై నాలుగేళ్ల గృహిణి నమాజు చేసుకున్న చెక్క కుర్చీ అది. ఆ కుర్చీని నేను కళ్లారా చూడలేదు. దాని గురించి అడగవలసిన రోజున అడగనూ లేదు. నా వైద్య విద్యలో నేర్చుకున్న అతి పెద్ద పాఠం ఆ అడగకపోవడం నుంచే వచ్చింది.

ఇరవై ఏళ్ల క్రితం మాట. రాయలసీమలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. ఆమె మా వార్డుకు వచ్చేసరికే ఏడాదికి పైగా ఒళ్లు నొప్పులతో బాధపడుతోంది. నడుము, తుంటి, కాళ్ల ఎముకలు లోలోపల నొప్పి పెడుతున్నాయని చెప్పేది. ఒకచోట వాతమన్నారు, మరొకచోట బలహీనత అని సెలైన్లు ఎక్కించారు, ఇంకొకచోట నిద్రమాత్రలు రాసి పంపారు. వెంట వచ్చిన అత్తగారు నన్ను పక్కకు పిలిచి, "పని తప్పించుకోవడానికి వేషాలమ్మా ఇవన్నీ" అని చెవిలో చెప్పింది. భర్త దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు.

నేను శ్రద్ధగానే పరీక్షించాననుకున్నాను. కీళ్లలో వాపు లేదు. జ్వరం లేదు. రక్తహీనత కొద్దిగా ఉంది. కీళ్లవాతానికి చేసిన రక్తపరీక్షల్లో ఏ దోషమూ కనిపించలేదు. కేసు షీటు చివర, "శారీరక కారణం కనబడుట లేదు, మానసిక వైద్యుని అభిప్రాయం కోరవలెను" అని రాశాను. నా దస్తూరి ముచ్చటగా ఉండేది. ఆ వాక్యం కూడా ముచ్చటగానే కనిపించింది.

మరునాడు ఉదయం మా ప్రొఫెసర్ గారు రౌండ్లకు వచ్చారు. నేను కేసు వివరించడం పూర్తయ్యేదాకా విన్నారు. తప్పుపట్టలేదు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, "అమ్మా, తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మీరు ఏమేం చేస్తారో వరుసగా చెప్పండి" అన్నారు.

ఆమె మొదట మొహమాటపడింది. తరువాత మెల్లగా చెప్పసాగింది. నీళ్లు పట్టడం, పిల్లలకు టిఫిను, వంట, మధ్యాహ్నం నుంచి కుట్టుమిషను ముందు కూర్చుని చీరలకు ఫాల్ కుట్టడం. మధ్యలో, అదేమంత పెద్ద విషయం కాదన్నట్లుగా, "నమాజు కుర్చీలో కూర్చునే చేసుకుంటున్నాను సార్" అంది.

"ఎన్నాళ్లుగా?"

"ఎనిమిది నెలలుగా. సజ్దాలోకి పోతే మళ్లీ లేవలేను. తొడల్లో సత్తువ చాలదు. మొదట్లో మా చిన్నవాడు చెయ్యి పట్టి లేపేవాడు. రోజుకు ఐదుసార్లు బిడ్డను ఇబ్బంది పెట్టడమెందుకని కుర్చీ వేసుకున్నాను."

ప్రొఫెసర్ గారు నా వైపు తిరిగారు. "ఈ ప్రశ్న నాకంటే నువ్వే బాగా అడగగలవు కదమ్మా" అన్నారు. అంతే. గొంతు పెంచలేదు. నాకు మాత్రం తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

తరువాత ఆయన ఆమెను నేలమీద కూర్చుని లేవమన్నారు. ఆమె ముందుగా చేతులు నేలకు ఆనించింది, ఆ తరువాత మోకాళ్ల మీద పెట్టింది, ఆపైన తన తొడలనే పట్టుకుని పాకుతూ లేచింది. నడవమంటే బాతులా అటూ ఇటూ ఊగుతూ నడిచింది. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి. కీళ్లలో లేని నొప్పి ఎముకల్లో ఉంది. చేతివేళ్లలో ఉన్న బలం తుంటి కండరాల్లో లేదు. ఈ రెండూ కలిసి కనిపిస్తే వైద్యుడు తలచుకోవలసిన వ్యాధుల జాబితా చాలా చిన్నది.

ఎక్స్‌రేలో తుంటి ఎముకల మీద పగుళ్లలాంటి సన్నని గీతలు కనిపించాయి. రక్తంలో కాల్షియం తగ్గింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగింది. వ్యాధి పేరు ఆస్టియోమలేసియా. విటమిన్ డి బొత్తిగా లోపించినప్పుడు పిల్లల్లో రికెట్స్‌గా వచ్చే జబ్బే పెద్దవాళ్లలో ఇలా వస్తుంది. ఎముక ఏర్పడుతుంది కానీ అందులో సున్నం నిండదు. మెత్తబడిన ఎముక నొప్పి పెడుతుంది, దాన్ని ఆనుకున్న కండరాలు నీరసిస్తాయి.

ఆమె ఇల్లు రెండు గదులట. ఇరువైపులా మేడలు. మిషను ముందు పగలే ట్యూబులైటు వెలగాలి. తొమ్మిదేళ్లలో నలుగురు బిడ్డలు, వాళ్లందరికీ తల్లిపాలు. ఇంట్లోకి వచ్చే పాలు పిల్లలకు, ఆమెకు టీ. చర్మం మీద పడిన ఎండలోని అతినీలలోహిత కిరణాలతో మన శరీరమే విటమిన్ డి తయారుచేసుకుంటుంది. అద్దంలోంచి వచ్చే వెలుతురుకు ఆ శక్తి లేదు. పర్దా పాటించే స్త్రీల జబ్బని దీన్ని కొట్టివేయడం సరికాదు. పగలంతా ఏసీ గదుల్లో పనిచేసే పురుషుల్లోనూ, మంచం దిగని వృద్ధుల్లోనూ ఈ లోపం నేను చూస్తూనే ఉన్నాను. అడ్డు పరదా కాదు, ఎండ తగలని జీవితం. పెరట్లోనో, నలుగురి చూపు పడని మేడమీదనో చేతులకూ ముఖానికీ కాస్త ఎండ తగలనిస్తే పర్దాకు భంగం ఏమీ లేదు.

వారానికొకసారి అరవై వేల యూనిట్ల విటమిన్ డి, రోజూ కాల్షియం మాత్రలు రాశాము. కొద్ది వారాల్లోనే నొప్పి తగ్గుముఖం పట్టింది. మూడో నెలలో ఓపీకి నడిచి వచ్చింది. కూర్చోకుండానే, "మేడమ్, నిన్న ఫజ్ర్ నేలమీద చేసుకున్నాను. ఎవరూ లేపలేదు" అంది. వెనుక నిలబడ్డ భర్త, "ఏడాదిగా ఆమె నటిస్తోందనుకున్నాం" అని తల దించుకున్నాడు. ఆ మాట నాకూ తగిలింది. వాళ్లు ఇంట్లో మాటలతో అన్నదే నేను కేసు షీటులో వైద్యభాషలో రాశాను. అందమైన దస్తూరి తప్ప తేడా ఏమీ లేదు.

ప్రొఫెసర్ గారు ఆ ప్రశ్న వేసిన రాత్రే హాస్టలు నుంచి ఇంటికి ఫోను చేశాను. "అమ్మీ, నమాజు ఎలా చేస్తున్నావు?" అని అడిగాను. అవతల కాసేపు మౌనం. "రెండేళ్లుగా గోడ పట్టుకుని లేస్తున్నాను బేటీ" అంది. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నువ్వు అడగలేదు కదా" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఇంకా గుర్తుంది. అమ్మీకి కూడా విటమిన్ డి తక్కువే ఉంది, మోకాళ్లూ అరిగాయి. మందుతో సగం బాధ తీరింది. మిగతా సగం వయసుతో పాటు ఉండిపోయింది.

అప్పటి నుంచి వైద్యం నేర్పే పద్ధతుల గురించి చదవడం అలవాటైంది. వెయ్యేళ్ల నాటి మహావైద్యుడు అబూబక్ర్ అల్ రాజీ గురించి అలాగే తెలుసుకున్నాను. రయ్‌లోనూ, బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్దగా ఉన్న ఆయన చుట్టూ శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారట. వచ్చిన రోగిని మొదట బయటి వరుసలోని కొత్త శిష్యులు విచారించాలి. వాళ్లకు అంతుబట్టకపోతే లోపలి వరుసవారు. వారికీ తెలియకపోతే చివరికి గురువు. నేటి బోధనాసుపత్రుల్లో హౌస్ సర్జన్, పీజీ, అసిస్టెంటు, ప్రొఫెసర్ అనే మెట్ల వరుస దానికి ఎంత దగ్గరగా ఉంది!

అంతకన్నా నన్ను కదిలించింది ఆయన రాసుకున్న ఒక కేసు. అబ్దుల్లా ఇబ్న్ సవాదా అనే వ్యక్తికి వణుకుతో జ్వరాలు వచ్చిపోతుండేవి. మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వచ్చేది. ఇది నాలుగోనాటి జ్వరంగా మారవచ్చు, లేదా మూత్రపిండంలో పుండు కావచ్చునని రాజీ భావించారు. కొద్దికాలానికే మూత్రంలో చీము పడింది. వ్యాధి మూత్రపిండంలోనిదేనని తేలింది. ముందే ఎందుకు నిర్ధారించలేకపోయారో ఆయన దాచుకోలేదు. లేచి నిలబడినప్పుడు డొక్కల్లో బరువుగా ఉంటుందా అని రోగిని తాను అడగలేదని స్వయంగా రాసుకున్నారు. అంతటి పండితుడు అడగని ప్రశ్నను సిగ్గుపడకుండా కాగితం మీద పెట్టారు. నేను మాత్రం నా కథను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు బోధన ఎంతో మారింది. గుండె చప్పుళ్లు వినిపించే బొమ్మలున్నాయి. 1975లో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు డండీలో ప్రతిపాదించిన ఓస్కీ పరీక్షల్లో విద్యార్థి ఒక్కో బల్ల దగ్గరకు వెళ్లి నిర్ణీత సమయంలో ఒక్కో నైపుణ్యం చూపిస్తాడు. మన దేశంలో 2019 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరు, నడవడి, నైతికత కూడా పాఠాలయ్యాయి. విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లే పద్ధతి కూడా వచ్చింది. ఇవన్నీ మంచివే. నేనూ ఈ పద్ధతుల్లోనే బోధిస్తున్నాను. కానీ బొమ్మ ఇంట్లో ట్యూబులైటు ఉందో, ఎండ ఉందో చెప్పదు. ఇల్లు చూసిన విద్యార్థికి ఆ ప్రశ్న దానంతట అదే తోస్తుంది.

మూడేళ్ల క్రితం వార్డులో ఒక వృద్ధురాలు పన్నెండు రోజుల జ్వరంతో చేరింది. టైఫాయిడ్ మందులన్నీ అయిపోయాయి. నా విద్యార్థిని ఒకమ్మాయి ఆమెతో మాట్లాడుతూ, జ్వరానికి ముందు మేకలకు ఆకు కోయడానికి పొదల్లోకి వెళ్లిందని తెలుసుకుంది. అనుమతి అడిగి, తెర లాగి, పూర్తిగా పరీక్షించింది. రొమ్ము కింద, ఎవరూ చూడని చోట, చుట్ట కాలినట్లు నల్లని పొక్కు. నొప్పి లేదు గనుక రోగి చెప్పలేదు. మర్యాద అడ్డొచ్చి మాలో ఎవరూ చూడలేదు. పొదల్లోని చిన్న పురుగుకాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ అది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ రోజు నేను ఆ అమ్మాయిని అభినందించి, అందరి ముందూ నా కుర్చీ కథ మొదటిసారి చెప్పాను.

పాఠకులైన తల్లులకూ, అక్కచెల్లెళ్లకూ ఒక మనవి. వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు మీ బాధ మీరే చెప్పండి. భర్తో, అత్తగారో మీ తరఫున మాట్లాడితే సగమే చేరుతుంది. చిన్న విషయమని దాచవద్దు. ఏ పని నిన్న చేయగలిగి నేడు చేయలేకపోతున్నారో అదే మాకు అన్నిటికన్నా విలువైన ఆధారం. విటమిన్ డి మాత్రలు ఎవరో చెప్పారని సొంతంగా వేసుకోవద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు చేస్తుంది. ఇంటి మగవాళ్లకూ ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా కొత్తగా కుర్చీలో నమాజు మొదలుపెడితే, గోడ పట్టుకుని లేస్తుంటే, వయసు వచ్చిందిలే అని ఊరుకోకుండా ఎందుకని ఒక్కసారి అడగండి. నా చేత ఆ ప్రశ్న అడిగించడానికి ఒక గురువు, ఒక రోగి కావలసి వచ్చారు. మీరు ఈ రాత్రే అడగవచ్చు.