తొమ్మిదో తరగతిలో ఒక గిటారు



పోయిన టర్మ్‌లో 9వ తరగతి పిల్లలకు ఇంగ్లీషులో ఒక పని ఇచ్చాను. మీకు బాగా నచ్చిన వస్తువు ఒకదాని గురించి, దాన్ని ఎన్నడూ చూడనివాళ్లకు కూడా కళ్లకు కట్టేలా ఒక పేజీ రాయండి అన్నాను. బైకులు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఒక క్రికెట్ బ్యాటు వచ్చింది. ఒకమ్మాయి వాళ్ల అవ్వ వాడే ఇత్తడి బిందె గురించి రాసింది. అది ఎంత బాగుందంటే దాని మీద వేరే వ్యాసమే రాయొచ్చు. ఒకబ్బాయి మాత్రం ఎలక్ట్రిక్ గిటారు గురించి రాశాడు. మామూలు గిటారు కాదు. పనివాళ్లు చేత్తో చెక్కి, కొన్నంటే కొన్నే చేసి, ఒక్కోదానికి నంబరు వేసి, సర్టిఫికెట్ జతచేసి అమ్మే రకం. కొనేవాళ్లలో కొందరు వాయిస్తారు, కొందరు అద్దాల బీరువాలో దాచుకుంటారు. ధర లక్షల్లో ఉంటుంది.

వాడు దాన్ని ఫోన్లో చూశాడే తప్ప ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా మెడకు ఏ చెక్క వాడతారు, తీగల కింద ఏముంటుంది, రంగు ఎన్ని పూతలు వేస్తారు, అన్నీ రాశాడు. స్పెల్లింగు తప్పులకు మార్కులు తగ్గించాను. రాసిన తీరుకు అంతకంటే ఎక్కువ వేశాను.

తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్న నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఆయనకు చీనీ తోట ఉంది. ప్రోగ్రెస్ కార్డు మడిచి జేబులో పెట్టుకుని అన్నారు: "మేడం, వీనికి పొద్దున లేస్తే గిటారు, పండుకునేటప్పుడు గిటారు. బోరు ఎండిపోయి నేను చెట్లకు ట్యాంకర్‌తో నీళ్లు పోపిస్తాండా. ఫీజుకే కిందామీదా పడతాండా. లెక్కల్లో చూస్తే ఈ మార్కులు. మీరన్నా చెప్పి ఆ పిచ్చి వదిలించండి."

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని చోట ఒక తండ్రి ఈ మాట అంటే కాదనడానికి నేనెవరిని? అలాగని, ఒక పిల్లాడు ఇంగ్లీషులో తనంతట తాను పేజీ నిండా రాసిన ఒకే ఒక్క విషయాన్ని మానెయ్యమని నోరు పెట్టుకుని ఎలా చెప్పను? రెండు వారాలు టైమివ్వండి అన్నాను. నాకు సంగీతం రాదు. అందుకని ముందు నేను చదువుకోవాల్సి వచ్చింది.

ఎలక్ట్రిక్ గిటారు పుట్టుక మన పిల్లలకు చెప్పదగ్గ కథే. బోలు గిటారు శబ్దం పెద్ద బ్యాండులో వినపడేది కాదు. మైకు పెట్టి సౌండు పెంచితే కూత పెట్టేది. 1930ల మొదట్లో అమెరికాలో అయస్కాంతం, రాగి తీగ చుట్టతో పనిచేసే గిటారు వచ్చింది. దాని ఆకారం చూసి జనం ‘ఫ్రయింగ్ ప్యాన్’ అని పిలిచారు, అంటే మన పెనం. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే కళాకారుడు నాలుగంగుళాల దూలం ముక్కకు తీగలు కట్టి వాయించాడు. గట్టి చెక్కయితే కూత తగ్గుతుంది, మీటిన స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ సూత్రాన్ని ఫ్యాక్టరీలోకి తెచ్చినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో రేడియోలు రిపేరు చేసేవాడు. 1950లో గట్టి చెక్క గిటారు అమ్మకానికి పెట్టాడు, 1954లో స్ట్రాటోక్యాస్టర్ తెచ్చాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు! ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా తలెత్తాయి. చేతిపనితో ప్రత్యేకంగా చేసిచ్చే కస్టమ్ షాపును ఆ కంపెనీ 1987లో పెట్టింది. మావాడు రాసిన గిటారు ఆ కోవకు చెందిందే.

మరి తెలుగువాళ్లకు దీనితో ఏం సంబంధం అని అడుగుతారేమో. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మనందరికీ మాండొలిన్ శ్రీనివాస్, పట్టుకున్నది దాదాపు ఇలాంటి వాద్యమే. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా ఉంటాయి. మీటగానే టింగుమని మోగి ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి అది చాలదు. గమకం పలకాలంటే ఒక స్వరం ఇంకో స్వరంలోకి జారే దాకా శబ్దం బతికుండాలి. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. జంట తీగలు వదిలి ఒంటి తీగలు అయిదు పెట్టించుకున్నారు. వాళ్ల నాన్నగారు క్లారినెట్ కళాకారుడు. ఈయన 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు వయసు తొమ్మిదేళ్లు, అంటే మన నాలుగో తరగతి పిల్లాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరులో చెన్నైలో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. పాశ్చాత్య వాద్యం మీద త్యాగరాజ కీర్తన ఏమిటని మొదట్లో సందేహించినవాళ్లు ఉన్నారట. విన్నాక ఆ సందేహం ఎక్కడిదాకా నిలిచిందో ఆయన రికార్డింగ్ ఏదైనా పెట్టుకుని వింటే మీకే తెలుస్తుంది.

వ్యవహారం అటునుంచి ఇటు కూడా నడిచింది. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండు గిటారిస్టు వీణ నేర్చుకున్నారు. 1970లలో ‘శక్తి’ బృందం కోసం తనకంటూ ఒక గిటారు చేయించుకున్నారు. అందులో మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించారు, వీణ మీదలాగా తీగను పక్కకు లాగి గమకం పలికించడానికి. మామూలు తీగలకు అడ్డంగా శ్రుతి కోసం ఇంకో ఏడు తీగలు కట్టించారు. తర్వాతి కాలంలో ‘రిమెంబర్ శక్తి’ వేదిక మీద ఆయన పక్కనే కూర్చుని వాయించింది మన పాలకొల్లు శ్రీనివాసే. చేత్తో, ఒక్కరి కోసం, ఒక్కటే చేసిన గిటారు అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. వెనక ఏ నంబరు వేశారన్నది దాని ముందు చిన్న సంగతి.

‘లిమిటెడ్ ఎడిషన్’ అనే మాట మీద నాకు కొంచెం అనుమానం ఉంది. చీరల షాపుల్లోనూ వాడుతున్నారు కదా! విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనివాళ్లు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగ ఒక్కటే తీసుకుని కుండ, దండి అన్నీ అందులోంచే తొలుస్తారు. అతుకు ఉండదు కనుక దాన్ని ఏకాండి వీణ అంటారు. ఇరవై నాలుగు మెట్లను మైనంలో ఒక్కొక్కటిగా, చెవితో వింటూ కూర్చోబెడతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక దుంగలోంచి వచ్చిన వీణ ఇంకో దుంగలోంచి రాదు. ఆ లెక్కన ప్రతి బొబ్బిలి వీణా లిమిటెడ్ ఎడిషనే, సర్టిఫికెట్ ఇచ్చే ఆలోచన వాళ్లకు రాకపోయి ఉండొచ్చు. ఇంత దూరం ఎందుకు, ఈసారి పిల్లలతో లేపాక్షి వెళితే నాట్యమంటపం స్తంభాల దగ్గర ఆగి తుంబురుణ్ణి చూపించండి. చేతిలో వీణ ఉంటుంది. నంది తోక పక్కన సెల్ఫీ తర్వాతైనా దిగొచ్చు.

చెక్క గురించి ఒక మాట. ఫెండర్ 1958 నుంచి గిటారు మెడ మీద వేళ్లు కదిలే పలకకు రోజ్‌వుడ్ వాడటం మొదలుపెట్టాడు. రోజ్‌వుడ్‌లో మన దేశపు రకం దక్షిణాది అడవుల్లో పెరుగుతుంది, తెలుగులో జిట్రేగి అంటారు. ప్రపంచంలో చాలా గిటార్ల మీద వేళ్లు నడిచేది మన చెట్టు మీదే. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేశారు. గిటార్లు చేసేవాళ్లు గగ్గోలు పెడితే 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ఇది చెప్పినప్పుడు మావాడు లేచి, "అంటే మిస్, మన చెట్టు అమెరికా పోయి గిటారై మళ్లీ లక్షలకు మనకే వస్తాదా?" అన్నాడు. సోషల్ సార్‌ను అడగమన్నాను.

ఇక రెండు వారాల సంగతి. గిటారు వద్దని చెప్పలేదు, కొనమనీ చెప్పలేదు. మెట్లు ఎక్కడ పెట్టాలో లెక్క వేసుకు రమ్మన్నాను. తీగ మొత్తం పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది. ఇలా పన్నెండు సార్లు చేస్తే పన్నెండో మెట్టు సరిగ్గా సగం దగ్గర పడాలి, అక్కడ అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పడకపోతే మధ్యలో ఎక్కడో తప్పు చేసినట్టే, ఎవరూ దిద్దక్కర్లేదు. 60 సెంటీమీటర్ల తీగకు లెక్క వేశాడు. మొదటి మెట్టు 3.37. ఏడోది దాదాపు 20, అంటే మూడో వంతు. పన్నెండోది మొదటిసారి 31 దాటింది. రాత్రి స్టడీ అవర్‌లో కూర్చుని రెండుసార్లు మళ్లీ చేశాడు, 30కి తెచ్చాడు. తప్పు నాలుగో మెట్టు దగ్గర దశాంశం మార్చడంలో దొరికింది. మా లెక్కల మేడం ఆ కాగితం అడిగి తీసుకున్నారు.

తర్వాతి భాగం నేను చెప్పింది కాదు. వాకిలి చేయించగా మిగిలిన వేప చెక్క ముక్క తీసుకున్నాడు. సైకిల్ చువ్వలు తెంపి మెట్లుగా అతికించాడు. గిటారు తీగ మాత్రం ఒకటి కొన్నాడు. అసలు చిక్కు పికప్‌తో వచ్చింది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టాలి. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. మన ఊళ్లలో బోరు మోటార్లు కాలనిదెప్పుడు, వైండింగ్ షాపు లేనిదెక్కడ? వాడు అక్కడికే వెళ్లాడు. మోటారు తీగ మరీ లావని షాపాయన పాత స్టార్టర్ డబ్బాలోని కాయిల్ విప్పి సన్న తీగ ఇచ్చాడట. తెగిన చోటల్లా మళ్లీ అతికి, మూడు రోజులు చేత్తోనే చుట్టాడు.

సైన్స్ ఎగ్జిబిషన్ రోజు దాన్ని పాత యాంప్లిఫయర్‌కు తగిలించారు. మొదట గుర్రుమన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఎర్త్ వైరు సరిచేశాక మీటితే స్వరం పలికింది. సన్నగా, కొంచెం బొంగురుగా. కానీ మెట్టు మెట్టుకీ సరిగ్గా మారుతోంది. వాళ్ల నాన్న చేతులు కట్టుకుని చూస్తున్నారు. చాలాసేపటికి ఒక్క ప్రశ్న వేశారు: "ఎన్ని చుట్లు చుట్టినావురా?" "2,800 దాకా లెక్కపెట్టినా నాయనా, ఆ పొద్దు కరెంటు పాయె. ఆ తర్వాత తెలీదు" అన్నాడు. ఆయన నవ్వలేదు. ఆ చుట్టను వేలితో తడిమి, ఈ పని మన స్టార్టర్‌కు చేసుంటే రిపేరు ఖర్చన్నా మిగిలేది కదా అన్నారు. పోయేటప్పుడు నాతో, "చీనీ కోత కానీ మేడం, అప్పుడు చూస్తా" అన్నారు. కోత ఇంకా కాలేదు. లెక్కల్లో మార్కులు కొంచెం పెరిగాయి, కొంచెమే. గిటారు వల్లనే అని నేను ఎవరికీ చెప్పడం లేదు.

అప్పటి నుంచి మరో నలుగురు తల్లిదండ్రులు గిటారు కొనాలా అని నన్నే అడుగుతున్నారు కాబట్టి తెలుసుకున్నంత చెబుతాను. నేర్చుకోవడానికి లక్షల గిటారు అక్కర్లేదు, పది పదిహేను వేలలో వచ్చేది చాలు. సెకండ్ హ్యాండ్‌ది దొరికితే ఇంకా మంచిది, కాకపోతే వాయించడం వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు మామూలుగా సన్నగా ఉంటాయి, చిన్నపిల్లల వేళ్లకు కాస్త సులువు. యాంప్లిఫయర్ ఖర్చు వేరే ఉంటుందని మాత్రం ముందే లెక్కేసుకోండి. పన్నెండో మెట్టు దగ్గర నొక్కినప్పుడు, నొక్కకుండా అక్కడే వేలు ఆనించి మీటినప్పుడు ఒకే స్వరం రావాలి, రాకపోతే సరిచేయించి తీసుకోండి.

మన ఎండాకాలం ఇంకో సమస్య. గాలిలో తేమ బొత్తిగా లేక చెక్క కుంచించుకుపోతుంది. అప్పుడు మెట్ల చివర్లు మెడ పక్కన బయటికి పొడుచుకొచ్చి వేళ్లకు గీరుకుంటాయి. మార్చి నుంచి జూన్ దాకా వాయించాక కవర్లో పెట్టి జిప్పు వేయించండి. కూలర్‌కు ఎదురుగా గోడకు తగిలించకండి, మేడ మీది రేకుల గదిలో అసలే వద్దు.