శ్రుతిని కాసే మూడు గుండ్లు

మా అమ్మమ్మగారింట్లో హెచ్‌ఎంవీ 102 గ్రామఫోను ఉండేది. 1931లో వచ్చిన పోర్టబుల్ రకం అది. నల్ల పెట్టె, పక్కన కీ ఇచ్చే హ్యాండిలు. కరెంటుతో పని లేదు. తాతయ్య పోయాక ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదు. 1980ల చివర్లో ఒక వేసవిలో అటక మీంచి దింపాం. అమ్మమ్మ కోరిక ఒక్కటే, స్థానం నరసింహారావు ప్లేటు వినాలని. ఆవిడ పుట్టిల్లు తెనాలి. రామవిలాస సభ నాటకాల్లో స్థానంవారి స్త్రీ పాత్రలు కళ్ళారా చూసిన మనిషి.

కీ ఇచ్చి ప్లేటు వేస్తే పాటను మించి పెట్టె మోతే వినిపించింది. కింద ఎడతెగని గరగర. ఉండుండి లోపల్నుంచి దబ్బుమని ఒక దెబ్బ. అది పడ్డప్పుడల్లా గొంతు ఒక్కసారి జారి మళ్ళీ లేచేది. రాగం తీసి ఒక స్వరం మీద నిలబడే చోట ఆ వణుకు వినలేకపోయాం.

"ఆపరా, ఆయన ఇలా పాడడు" అంది అమ్మమ్మ.

మా మేనమామ గడియారాలు బాగుచేసేవాడు. కబురు చేస్తే సంచీతో వచ్చాడు. వచ్చీ రాగానే పెట్టె విప్పలేదు. పళ్ళెం తిరుగుతుండగా స్క్రూడ్రైవరు మొన మోటారు పలక మీద ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"రెండు జబ్బులున్నాయిరా. దబ్బుమనేది స్ప్రింగు. గరగరలాడేది వేగాన్ని పట్టి ఉంచే గవర్నరు. పళ్ళచక్రంలో పన్ను విరిగితే పళ్ళెం చుట్టుకొక్కసారి టక్కుమనేది. అది లేదు, మన అదృష్టం."

స్ప్రింగులో బలం మిగలకుండా పెట్టెను దానంతట అది ఆగేదాకా తిరగనిచ్చి, అప్పుడు మోటారు బయటికి తీశాడు. స్ప్రింగు డబ్బా మూత తెరవగానే నన్ను వెనక్కి నిలబడమన్నాడు. కీ అంతా దిగిపోయినా, డబ్బాలో ఇరుక్కున్న ఆ ఉక్కుపట్టీ విచ్చుకోవడానికి కాచుకునే ఉంటుంది. చెయ్యి జారితే వేళ్ళు తెగుతాయి. మామయ్య తోలు గ్లోవ్స్ వేసుకుని, డబ్బాను గోనెగుడ్డలో చుట్టి, మధ్య చుట్టు దగ్గర మొదలుపెట్టి ఒక్కో చుట్టూ అదుపులో ఉంచుకుంటూ పైకి లాగాడు. పట్టీ పొడుగునా పాత గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. ఆ జిగటకు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బలం పెరిగాక ఒక్కసారిగా విడిపోతాయి. మేం విన్న దెబ్బ అదే.

కిరసనాయిలుతో పట్టీని తోమి ఆరబెట్టే పని నాకిచ్చాడు. ఎక్కడా పగులు లేదు. వేజలినులో గ్రాఫైట్ పొడి కలిపి పట్టించి, బయటి కొసనున్న రంధ్రాన్ని డబ్బా గోడకున్న కొక్కేనికి తగిలించి మళ్ళీ చేత్తోనే చుట్టాడు.

గవర్నరు దగ్గర పని సున్నితం. సన్నటి ఇరుసు చుట్టూ మూడు పలచని స్ప్రింగు రేకులు, ఒక్కోదాని నడుమ ఒక్కో గుండు. ఇరుసు తిరిగేకొద్దీ గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. రేకులు వంగి ఇరుసు మీదున్న బిళ్ళను లాగుతాయి. బిళ్ళ వెళ్ళి మెత్తటి ప్యాడుకు రాసుకుంటుంది, వేగం తగ్గుతుంది. తగ్గగానే గుండ్లు ముడుచుకుంటాయి, రాపిడి సడలుతుంది. స్ప్రింగు నిండుగా ఉన్నా, సగం ఖాళీ అయినా పళ్ళెం ఒకే వేగంతో తిరిగేది ఈ ఏర్పాటు వల్లే. మా పెట్టెలో ఒక రేకు మర దగ్గర చిట్లింది. మూడు గుండ్ల సమతూకం తప్పి ఇరుసు అదురుతోంది. ప్యాడు కూడా నూనె లేక ఎండిపోయింది.

"ఒక్కటి మారిస్తే చాలదా మామయ్యా?"

"మూడూ ఒకే మందం ఉండాలిరా. లేకపోతే కొత్త మోత మొదలవుతుంది."

ముంబై చోర్ బజారులో తెలిసినవాళ్ళ ద్వారా జత కుదిరిన రేకులు తెప్పించాడు. వాటిని బిగించాక, ఇరుసు కొసలు పట్టుకునే బేరింగులను వెంట్రుకవాసి వెసులుబాటు ఉండేలా సరిచేశాడు. బిగిస్తే మోటారు ఆగుతుంది, వదులైతే మోగుతుంది. ప్యాడుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క.

వేగం చూడటానికి చుట్టూ 77 గీతలున్న కాగితపు బిళ్ళను పళ్ళెం మీద పెట్టి ట్యూబులైటు వేశాడు. 50 సైకిళ్ళ కరెంటుకు ఆ వెలుగు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. పళ్ళెం నిమిషానికి 78 చుట్లు తిరిగితే గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుందని అప్పుడే చెప్పాడు.

గీతలు నిలిచాయి. ప్లేటు వేశాం. రాగం పట్టిన చోట గొంతు చెక్కుచెదరలేదు. అమ్మమ్మ చెయ్యెత్తి, "ముల్లు మార్చి రెండోవైపు వెయ్యండిరా" అంది. ఉక్కు ముల్లు ఒక వైపుకే. అరిగిన ముల్లు ప్లేటు గాడిని తినేస్తుంది.

ఆనాటి గాయకులు పాడగలిగినంతా సుమారు మూడు నిమిషాల గాడిలో పెట్టి వెళ్ళారు. దాన్ని వాళ్ళ శ్రుతిలోనే వినిపించే బాధ్యత మోటారుది, మోటారును చూసుకునే మనిషిది. మీ ఇంట్లో ఇలాంటి పెట్టె ఉంటే నిండుగా కీ ఇచ్చి దాచకండి; అప్పుడప్పుడూ కాసేపు తిరగనివ్వండి. మోత మొదలైతే పారేయకండి. మరలు విప్పి బాగుచేసుకునేలాగే దాన్ని తయారుచేశారు.