భుజం నొప్పికి పదిహేను సిట్టింగులా?

మన ఐటీవాళ్ళకి భుజం నొప్పి కొత్తేం కాదు. నెపం మౌసు మీదకి తోసేస్తాం. కానీ గుమ్మలక్ష్మీపురంలో మా పెదనాన్నకీ అదే నొప్పి. మౌసు ముట్టని మనిషి. జీడికొమ్మలు వంచడం, పసుపు బస్తాలు ఎత్తడం, ఇదే ఆయన పని. డాక్టర్లు చెప్పిన పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే: రొటేటర్ కఫ్ టెండినోపతీ. చేతిని పైకెత్తే కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు, మోయగలిగినదానికన్నా ఎక్కువ మోసి మొరాయించడమన్నమాట.

హైదరాబాదులో ఒక సెంటరువాళ్ళు నాకు పదిహేను సిట్టింగుల ప్యాకేజీ చెప్పారు. కరెంటు పెట్టడం, అల్ట్రాసౌండూ అన్నీ కలిపి. సరే, నాకు జీతముంది, సెంటరు వీధి చివరే ఉంది. కొండ మీది మనిషి అన్నిసార్లు పార్వతీపురం బస్సెక్కితే కూలీ పోతుంది, చార్జీలూ పోతాయి. మూడోసారికే మానేసి, "రెక్క లేగట్లేదురా" అంటూ మాత్రలు మింగుతాడు.

అసలు అన్నిసార్లు వెళ్ళాలా? 2021లో లాన్సెట్‌లో గ్రాస్ప్ అనే బ్రిటన్ ట్రయల్ వచ్చింది. మొత్తం 708 మంది. కొందరికి ఫిజియో దగ్గర ఆరు సిట్టింగుల దాకా వ్యాయామం. మిగతావాళ్ళకి ఒక్కటే సిట్టింగు: బాగా వివరించి, ఇంట్లో చేసుకోమని పంపేశారు. ఏడాదిపాటు చూస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు! స్టెరాయిడ్ ఇంజెక్షను వల్ల మొదట్లో కాస్త ఉపశమనం, తరవాత అదీ లేదు.

పెదనాన్నని ఒక్కసారే ఫిజియోకి చూపించాం. మోచెయ్యి ఒంటికి ఆనించి గోడని నెట్టడం, పాత సైకిల్ ట్యూబుని బయటకి లాగడం, తరవాత లీటరు నీళ్ళ సీసా ఎత్తడం. కొంచెం నొప్పున్నా పరవాలేదు, మర్నాటికి తగ్గాలి. తగ్గకపోతే బరువు తగ్గించాలి. కనీసం పన్నెండు వారాలు. కిందపడ్డాక చెయ్యి లేవకపోయినా, తిమ్మిరెక్కినా, జ్వరమొచ్చినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మూడు నెలలకి పెదనాన్న చొక్కా తనే తొడుక్కుంటున్నాడు. బస్తా జోలికి ఇంకా వెళ్ళనివ్వట్లేదు.

నా గోల ఒకటే. ఏజెన్సీ అంతటా మెషీన్లు పెట్టక్కర్లేదు. జనం ఎలాగూ సంతకి దిగుతారు. ఆ రోజున భద్రగిరి ఆస్పత్రిలో ఒక ఫిజియో కూచుని, ఒక్కొక్కరికీ తీరిగ్గా అరగంట చెబితే చాలు. దీనికి కావలసింది కరెంటు కాదు, ఓపిగ్గా చెప్పే మనిషి.