రెండవ ప్రతి



2003వ సంవత్సరమున నేను ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా చేరియుంటిని. అర్ధసంవత్సర పరీక్షల మార్కులన్నియు నొకే ఫ్లాపీలో నెక్కించుచు, యంత్రముమీది దీపము ఆరకమునుపే తొందరపడి దానిని వెలికి లాగితిని. మరల పెట్టి చూడగా నొక్క పట్టికయు తెరచుకొనలేదు. మరునాడే వానిని ప్రధానోపాధ్యాయులకు అప్పగింపవలసియుండెను.

పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు విద్య నేర్పుచుండిన యొక పెద్దమనిషి యొద్దకు బోయితిని. ఆయన నన్ను మందలింపక, డాస్‌లోని డీబగ్ అను సాధనమును తెరచిరి. అది మొదట 86-డాస్ కొరకు టిమ్ పాటర్సన్ వ్రాసినది. తెరమీద నొక చిన్న అడ్డగీత తప్ప మరేమియు కానరాదు.

“బాబూ, ఈ 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో 2880 సెక్టారులు కలవు. ఒక్కొక్కదానిలో 512 బైట్లు. సున్న సంఖ్య గలది బూట్ సెక్టారు. 1 మొదలు 9 వఱకు ఏ ఫైలు ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక. 10 మొదలు 18 వఱకు దానికే రెండవ ప్రతి. నీ తొందరకు మొదటిది చెడినది, రెండవది నిలిచినదేమో చూతము” అనిరి. చూడగా నిలిచియే యున్నది!

ఎల్ అను ఆజ్ఞతో ఆ తొమ్మిది సెక్టారులను చదివించిరి. పిమ్మట నా చేతిని ఆపి, “ఎల్ చదువును, హాని లేదు. డబ్ల్యు వ్రాయును, ‘నిజముగా వ్రాయుదునా?’ యని నిన్నడుగదు. ఒక్క అంకె తప్పిన మరియొక చోటు పాడగును” అనిరి. ‘డబ్ల్యు 100 0 1 9’ అని కాగితముపై వ్రాయించి, ముమ్మారు చదివించి, అప్పుడు మీట నొక్కనిచ్చిరి.

పట్టికలు తెరచుకొనెను. కాని చివర నెక్కించిన ఏడవ తరగతి గణితము రాలేదు. దాని జాడ రెండవ ప్రతికి తెలియదు. “లేనిదానిని ఏ సాధనమును తేజాలదు” అనిరి.

ఇంటికి వచ్చుచు, ఊహించి వ్రాసిన నెవరికి తెలియునని నా మనస్సున దోచినమాట దాచను. కాని కలము సైతము డబ్ల్యు వంటిదే; అదియు మనల నడుగదు. మరునాడు ప్రధానోపాధ్యాయులకు నిజము చెప్పి, గడువు వేడి, జవాబు పత్రములు దీసి మార్కులన్నియు మరల కూడితిని. ఆ కూడికలో, మొదట నేను తప్పుగా తప్పించిన యొక బాలుడు ఉత్తీర్ణుడని తేలెను!

నేటి 64 బిట్ల విండోస్‌లో డీబగ్ లేదు, ఫ్లాపీలును కానరావు. అయినను మార్కు వేయుటకు ముందు నా చేయి నేటికిని ఒక క్షణము ఆగును. మీరును వ్రాయుటకు ముందు ముమ్మారు చదువుడు.