షిఫ్టును బట్టి చదువు

సూరత్‌లో ఉధ్నా దర్వాజా దాటి ఖటోదరా సందుల్లోకి వెళ్తే సాంచల (మరమగ్గాల) చప్పుడు చెవులను వదలదు. ఇక్కడి ఖాతాల్లో, అంటే మగ్గాల కార్ఖానాల్లో, పని పన్నెండు గంటల షిఫ్టుల్లో సాగుతుంది, పొద్దున 7 నుంచి రాత్రి 7 వరకు ఒకటి, రాత్రి 7 నుంచి పొద్దున 7 వరకు ఇంకొకటి. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన పద్మశాలీలు ఈ నగరం మగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్నారు. వాళ్ల పిల్లలు పదో తరగతికి ఎలా చదువుతున్నారో చూద్దామని వెళ్లాను.

నేను కూర్చున్న ఇంట్లో ఉన్నది ఒకే గది. నైట్ డ్యూటీ దిగిన తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి గుమ్మంలో కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తోంది. కూతురు బయట మెట్ల మీద లెక్కలు చేసుకుంటోంది.

సూరత్ కార్పొరేషన్‌కు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు బడులతో పాటు తెలుగు బడులూ ఉన్నాయి. ఈ అమ్మాయి ఎనిమిది దాకా తెలుగులో చదివి, తరవాత హిందీ మీడియంలో చేరింది. సైన్స్ పుస్తకం అంచుల్లో పెన్సిల్‌తో తెలుగు మాటలు రాసుకుంది. కొత్త పాఠం ఎక్కాలంటే ఆమెకు తోటివాళ్లకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

బీరువా తలుపు లోపల అంటించిన టైమ్‌టేబుల్ చూపించింది. సబ్జెక్టుల పేర్లకు పైన రెండు గడులు: 'బాపు పగలు', 'బాపు రాత్రి'.

"బాపు రాత్రి పోతే లైటు నాదే సార్. కొత్త పాఠాలన్నీ అప్పుడే. పొద్దుగాల మెట్ల మీద లెక్కలు."

"మరి బాపు పగలు పోతే?"

"తెల్లారి ఆయన పోంగనే కొత్త పాఠం. రాత్రి లైటు తీసేస్తరు కదా, పండుకొని ఆ పాఠమే యాది చేసుకుంట. రానివి పొద్దుగాల లేవంగనే రాస్కుంట."

ఆ చీకట్లో ఆమె చేస్తున్న పని చాలా విలువైనది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరి చేత చూడకుండా గుర్తు చేసుకుని రాయించారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తరవాత అడిగితే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. గంటల తరబడి పుస్తకం తిరగేస్తే వచ్చినట్టే అనిపిస్తుంది, అందుకే పిల్లలు మోసపోతారు. చూడకుండా గుర్తు చేసుకునే పద్ధతిని ఈమెకు ఎవరూ చెప్పలేదు.

చదువుకు టైమ్‌టేబుల్ వేసిచ్చే మనం బల్లా, దీపం, నిశ్శబ్దం ఉన్నాయనుకునే వేస్తాం. ముందు అడగాల్సింది ఇంట్లో ఎవరు ఎప్పుడు నిద్రపోతారన్నది. పరీక్షల ముందు రెండు నెలలైనా మన కులసంఘాలు సాయంత్రం పూట ఒక గది తెరిచి, లైట్లు వేసి ఉంచితే ఈ పిల్లలకు రోజుకు రెండు గంటలు కలిసొస్తాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో సంఘాల హాళ్లు ఎలాగూ ఖాళీయే.

వచ్చే సోమవారం తండ్రి షిఫ్టు మారుతుందట. అమ్మాయి లెక్కల పుస్తకం మూసి, ఆ వారం ఏ పాఠాలు పొద్దుటికి జరపాలో తల్లితో మాట్లాడుతూ కొత్త కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టింది.