ఒంటి తీగ కాపు

లండన్ నుండి ఆగ్నేయంగా రైలులో గంటకు కొంచెం పైగా ప్రయాణం చేస్తే ఫావర్షమ్ అనే పాత ఊరు వస్తుంది. అది కెంట్ ప్రాంతంలో ఉంది. ఆ ప్రాంతానికి ‘ఇంగ్లండు తోట’ అని పేరు. దారి పొడవునా ఆపిలు తోటలూ, తెల్లని టోపీలు పెట్టుకున్నట్లుండే గుండ్రని ఇటుక కట్టడాలూ కనిపిస్తాయి. అవి హాప్ అనే తీగ కాపును ఆరబెట్టడానికి పూర్వం కట్టిన బట్టీలు. దానిని బీరులో వాడతారు గనుక మనం ముందుకు సాగుదాం. ఊరి పక్కనే బ్రాగ్డేల్ అనే చోట ఆ దేశపు పండ్ల చెట్ల సేకరణ ఉంది. ఒక్క ఆపిలులోనే రెండు వేలకు పైగా రకాలు!

2023 అక్టోబరులో తెనాలి దగ్గర పల్లె నుండి వెళ్ళి స్థిరపడిన ఒక కుటుంబం ఇంట అయిదు దినాలు ఉన్నాను. ఇల్లాలు ఆసుపత్రిలో నర్సు. భర్త తల్లిగారికి డెబ్బై దాటింది. ఆమెకు దొరికేది ఆరు నెలల విజిటర్ వీసా. మే నెలలో వచ్చిన ఆమె ఆ నెల 28న తిరుగు విమానం ఎక్కాలి.

వారి పెరడు మన పశువుల కొట్టమంత. దక్షిణపు ఎండ తగిలే గోడకు మూడు వరసల ఇనుప వైరు లాగి, దాని మీదికి ఒక కివీ తీగను పాకించారు. లెక్క పెడితే నలభై మూడు కాయలున్నాయి. ఆ తీగకు ముందు అదే చోట మరొక తీగ ఉండేదట. 2014లో కొన్నారు. మూడేళ్ళకు విరగబూసింది. ఏటా పూత, ఒక్క పిందె లేదు. ఎరువు మార్చారు, నీరు పెంచారు. 2019లో పెద్దమ్మగారు వచ్చి పూలు చూసి, “ఒరే అబ్బాయ్, ఇది పోతుతాడో పెంటితాడో కనుక్కున్నావా?” అని అడిగారట.

పల్లె కాపురం చేసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. తాటిలో పోతు వేరు, పెంటి వేరు. ఆకాకర పాదులోనూ అంతే. కివీ కూడా ఆ జాతిదే. అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆడ పువ్వులో కూడా కేసరాలు ఉంటాయి, పుప్పొడి కూడా కనిపిస్తుంది. ఆ పుప్పొడికి సత్తువ లేదు. చూచినవారు రెండూ ఉన్నాయనుకుని ఏళ్ళు గడుపుతారు. అమ్మిన అంగడివారు ఆడదో మగదో చీటీ మీద రాయలేదు.

ఈ చిక్కు ఆ తీగ చరిత్రలోనే ఉంది. దాని పుట్టిల్లు చైనా. గత శతాబ్దపు ఆరంభంలో అక్కడి నుండి బ్రిటనుకూ అమెరికాకూ వెళ్ళిన విత్తనాలతో పెరిగినవి మగ తీగలుగానే తేలాయి. న్యూజిలాండులోని వాంగనుయి పట్టణంలో బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఇసబెల్ ఫ్రేజర్ చైనాలోని ఈచాంగ్‌లో స్కాట్లండు మిషనులో సేవ చేస్తున్న తన సహోదరిని చూడడానికి వెళ్ళి, 1904లో కొన్ని గింజలు తెచ్చారు. ఆ గింజలలో ఆడ, మగ రెండూ మొలిచాయి. 1910లో కాపు వచ్చింది. అప్పట్లో చైనా గూస్‌బెర్రీ అనేవారు. కివీ అనే పేరు వ్యాపారులు 1959లో పెట్టినది. ఒక మిషనరీని పలకరించబోయిన ప్రయాణం వల్లనే ఈ పండు లోకమంతటా తిరుగుతోందని ఎందరికి తెలుసు?

ఇరుకు పెరడులో రెండు తీగలకు చోటెక్కడిది? ఒక్కొక్కటి నాలుగైదు గజాలు పాకుతుంది. అందుకని ఆ కుమారుడు పాత తీగను తీసివేసి, 2020 వసంతంలో ‘జెన్నీ’ అనే రకాన్ని నాటాడు. దీని పువ్వులో రెండు ధర్మాలూ ఉంటాయి, జత అక్కరలేదు. మన బొప్పాయిలో ప్రతి చెట్టూ కాసే రకాలు వచ్చినట్లే. కాయ మాత్రం బజారు కాయకంటె చిన్నది. జపాను నుండి వచ్చిన ‘ఇస్సై’ అనే ఇంకొక రకం ఉంది, నూగు లేని చిన్న కాయ, తొక్కతోనే తింటారు.

జత అక్కరలేదు గాని, చాకిరీ తప్పదు. లేత చిగురు వసంతపు మంచుకు మాడిపోతుంది, రాత్రులు గుడ్డ కప్పాలి. సున్నం ఎక్కువైన నేలలో ఆకు పసుపుబారుతుంది. నిరుటి కొమ్మ మీద వచ్చిన కొత్త రెమ్మకే కాపు, గనుక నడి చలికాలంలోనే కత్తిరింపు ముగించాలి. ఆలస్యమైతే గాయం నుండి నీరు కారుతుంది. ఈ తీగ వాసనకు పిల్లులు వెర్రెత్తి మొదట్లో పొర్లుతాయి. పక్కింటి పిల్లి బాధకు చుట్టూ వల కట్టారు. పువ్వులో తేనె లేదు గనుక తేనెటీగలకు అంత మోజు ఉండదు. జూనులో పెద్దమ్మగారే దూదిపుల్లతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దారట.

మన వైపు నర్సరీ బండ్ల మీద కివీ మొక్క అంటూ అమ్ముతుంటారు. కోస్తాలోగాని తెలంగాణలోగాని ఇంటిలో ఉన్నవారు డబ్బు పెట్టకండి. ఒంటి తీగ రకమైనా సరే, చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలకపోతే మొగ్గ విడవదు. 1960లో బెంగుళూరు లాల్‌బాగ్‌లో నాటి చూచారు, చలి చాలక కాయలేదు. 1963లో సిమ్లాకు తెచ్చినవి 1969లో కాశాయి. నేడు అరుణాచల్‌లోని జీరో లోయ వంటి చల్లని చోట్ల రైతులు పండిస్తున్నారు.

నేనున్న దినాలలో ఆ ఇంట ఒక వాదన నడిచింది. కాయ ఇంకా రాయిలా ఉంది. నెలాఖరు వరకు తీగ మీదనే ఉంచితే తీపి ఎక్కుతుందని కుమారుడు అంటాడు. “ఎప్పటికి వస్తానో, అసలు వస్తానో లేదో, నా చేతి కాపు నేను చూడొద్దా?” అని తల్లి అడిగింది. కోడలు ఏమీ అనకుండా కత్తెర తెచ్చి పన్నెండు కాయలు కోసి, పండిన అరటిపండుతో కలిపి సంచిలో మూట కట్టింది. అరటి ఆవిరికి కివీ మెత్తబడుతుంది. నేను బయలుదేరిన ఉదయం కూడా పెద్దమ్మగారు సంచి విప్పి ఒక్కొక్కటీ నొక్కి చూస్తున్నారు.

నవంబరులో ఆమె ఊరు చేరాక ఫోను చేశాను.

“పుల్లగానే ఉన్నాయి అయ్యగారూ. నాలుగు తిన్నాను. మిగతావి తీగ మీద పండనిచ్చి పిల్లలకు పెట్టారట, అవి తియ్యగా ఉన్నాయంటున్నారు. జనవరి లోపల కొమ్మలు కత్తిరించమని మావాడికి మీరూ ఒక మాట చెప్పండి. నేను చెబితే ఊఁ అంటాడు, మరిచిపోతాడు.”